నాలుకతో తడిపిన కుంచె

బెంగళూరు కబ్బన్‌పేటలో మా పాపక్క మగ్గం దగ్గర కూర్చుంటే తెగిన పోగు ఎక్కడ తెగిందో మళ్ళీ కనిపించేది కాదు. పట్టుపోగు కొనను నాలుకతో తడిపి, పెదవుల మధ్య సన్నం చేసి అతికేది. మా వీధిలో నేతపని చేసేవాళ్ళందరిదీ అదే అలవాటు.

యుద్ధం వచ్చి పట్టు దొరక్క మగ్గం ఆగింది. బావ అప్పటికే పోయాడు. పందొమ్మిది వందల నలభైమూడులో, నేను మేస్త్రీగా ఉన్న షెడ్డులోనే అక్కకు పని ఇప్పించాను. విమానాల గడియారాలు చీకట్లోనూ కనబడేలా అంకెల మీద రేడియం పూత పూసే పని. అక్క ఆ కుంచెనూ నోట్లో పెట్టే మొన చేసేది.

కుంచె నోట పెట్టరాదని, నీళ్ళ గిన్నె వాడాలని ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. చదివి సంతకం పెట్టిన పెద్దమనిషిని నేనే.

"అక్కా, గిన్నె పెట్టినారు కదా?" అన్నాను.

"గిన్నె ఉండాది లేప్పా. నోట్లో తిప్పితేనే మొన నిలస్తాది."

నేను మళ్ళీ అడగలేదు. అక్క అంకెలు చూసి దొరలు నన్ను మెచ్చుకుంటున్నారు. చిటికెడు రంగు ఏం చేస్తుందిలే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

యుద్ధం ముగిసి షెడ్డు మూతపడింది. నలభైయేడులో అక్క ఒక పన్ను పీకించుకుంది. ఆ పుండు మానలేదు. మారెమ్మకు మొక్కుకుంది, పసుపు అద్దుకుంది. దవడ ఎముక తునకలుగా ఊడి రాసాగింది.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. రేడియం పరమాణువులు ఒక్కొక్కటే వాటంతటవే పగులుతుంటాయట, పగిలినప్పుడల్లా కిరణాలు చిమ్ముతాయట. బయట ఉంటే వాటిలో చాలావాటిని చర్మమే ఆపుతుంది. మింగితే మాత్రం ఎముక దాన్ని సున్నమనుకొని దాచుకుంటుంది. ఇక అది లోపలి నుంచే కాలుస్తుంది.

"ఎన్నాళ్ళకు తగ్గుతుంది సార్?"

"సగం తగ్గడానికే పదహారు వందల ఏండ్లు."

రంగు వల్లే ఈ జబ్బని అక్కకు చెప్పాను. కాగితం సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఏడ్చాను. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని అక్కే నన్ను ఓదార్చింది.

"ఏడవద్దప్పా. అప్పుడు మనకేం తెలుసు? నీకు తెలిసుంటే నా చేతిలో కుంచె పెరుక్కోకుండా ఉంటావా?"

"ఉండనక్కా" అన్నాను.

అది నమ్మే పోయింది మా అక్క.