పంతొమ్మిదో మోటారు

కర్దనూర్ దగ్గరి సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు కిష్టప్ప ఇరవై ఏళ్లు ఒక అంకెకు కాపలా కాశాడు. ఆ అంకె యాభై. గోడమీది మీటరులో ముల్లు యాభై దగ్గర నిలిస్తే, పుట్టే కరెంటూ జనం వాడే కరెంటూ సమానమన్నమాట. అది నలభై ఎనిమిదికి జారితే హైదరాబాదు నుంచి ఫోను వచ్చేది: ఫలానా లైను ఆపు. ఎందుకని అడిగే అధికారం కిష్టప్పకు లేదు. కిష్టప్పను అడిగే అధికారం మాత్రం ఊరందరికీ ఉండేది.

వానలు పడిన ఏడు కృష్ణ మీది డ్యాములు ఆ ఫోనును నోరెత్తనిచ్చేవి కావు. 2001 యాసంగి పంటకు డ్యాములు అడుగంటాయి. అనంతపురం కొండల మీద గాలిమరలున్నాయని పేపర్లో వచ్చింది గానీ, గాలికి ఫోను నంబరు లేదు. పొలాలకు రోజుకు ఆరు గంటల కరెంటు, అదీ ముల్లు దయ ఉంటే.

ఫ్యాక్టరీల మురుగుకు చెరువు నీళ్లు రంగు మారాక ఊరు బోర్లకు మళ్లింది. తొమ్మిది మోటార్లు మోయగల ట్రాన్స్‌ఫార్మర్ మీద పంతొమ్మిది మోటార్లు. ప్రతిదానికీ ఒక ఆటో స్టార్టర్. యజమాని ఇంట్లో కునుకు తీస్తున్నా, కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది. పంతొమ్మిదీ ఒక్కసారే లేచేవి. రెండు నెలల్లో ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలింది. కాలినప్పుడల్లా ట్రాక్టరెక్కి రిపేరుకని సంగారెడ్డికి ఊరేగి, పన్నెండో రోజున తిరిగొచ్చేది. వరి పొట్ట మీదుంది. మూడోసారి కాలితే ఊరికి గింజ దక్కదు.

కిష్టప్ప తండ్రి ఆ ఊరి నీరటి, చెరువు నీళ్లను వంతులేసి పంచిన మనిషి. కొడుకు రైతులను పోగేసి అదే పద్ధతి చెప్పాడు. స్టార్టర్లు విప్పాలి. తొమ్మిదేసి మోటార్లతో రెండు జట్లు, జట్టుకు రెండున్నర గంటలు.

"మరి నీ మోటరు ఏ జట్టుల?" అన్నాడు పెంటయ్య. ఏ మాటనైనా నమ్మేముందు ఒకసారి అనుమానించడం ఆయన ఇంటి ఆచారం.

"ఏ జట్టుల లేదు పెంటన్నా. మిగిలిన గంట నాది. నీరటోడు తన మడికి ఆఖరికి పెట్టుకుంటడు."

"నీళ్లు కంటికి కనవడ్తయి. తీగెల కరెంటును ఎవడు సూసొచ్చిండు?"

"అయితే వచ్చి నా పక్కన కూసో. చాయ్ నేనే తాపిస్త."

ఇంట్లో విచారణ ఇంకా క్లుప్తంగా సాగింది. "ఊరంతకు నీరటివైతివి. ఇంటికేమైతివి?" అంది భార్య సంగమ్మ. ఆ అరెకరం వరిని నాటింది ఆమె.

కిష్టప్ప డ్యూటీకి బయల్దేరాడు.

పెంటయ్య నిజంగానే వచ్చి కూర్చున్నాడు. రెండు జట్ల వంతూ అయింది. సంగమ్మ మోటారు వేసిన ఇరవై నిమిషాలకు ముల్లు జారింది, ఫోను మోగింది. వ్యవసాయపు లైను ఆపమన్నారు.

"నీ మడి బీటలు వారిందట గదా," అన్నాడు పెంటయ్య. "జెర ఆగు. ఫోను వినవడలేదనుకో."

"నేను ఆగితే ముల్లు ఆగదన్నా. ప్రతొక్కడు గిట్లనే అనుకుంటే రాష్ట్రమంత చీకటే."

కిష్టప్ప లైను ఆపాడు. పెంటయ్య చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున పెంటయ్యే తువ్వాలలో తన స్టార్టర్ చుట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఎప్పుడో విప్పేశానని అందరి ముందూ ఆయన చెప్పినదే అది. "ఇంక ముగ్గురియి ఉన్నయి. సాయంత్రానికి తెస్త," అన్నాడు, ముఖం చూడకుండా.

ఆ నెలంతా ఫోను దాదాపు రోజూ ఆఖరి గంటలోనే మోగింది. ట్రాన్స్‌ఫార్మర్ నిలిచింది. పద్దెనిమిది మడులు పండాయి.

పంతొమ్మిదోదాన్ని సంగమ్మ తాలు వెన్నులతోనే కోసి, బర్రెకు మేతగా మోపులు కట్టింది. కిష్టప్ప సెలవు పెట్టి ఆ మోపులు మోశాడు. దారిలో పెంటయ్య ఎదురయ్యాడు. మడి దాకా నడిచి, మిగిలిన మోపును నెత్తికెత్తుకున్నాడు.