గోదావరి గట్టున తిరుత్తణి కావడి

2023లో తమిళనాడులోని తిరువళ్ళూరు బజారు వీధిలో నా డీటీపీ కొట్టుకు పని బాగానే ఉండేది. డీటీపీ అంటే చేతిరాతను కంప్యూటర్లో కొట్టి, పేజీలుగా అమర్చి, అచ్చుకు సిద్ధం చేసి ఇవ్వడం. ఇక్కడ తమిళం కొట్టేవాళ్ళు వీధికొకరున్నారు, తెలుగు కొట్టేవాళ్ళు తక్కువ. అందుకే తిరుత్తణి నుంచీ పెరియపాళయం నుంచీ తెలుగు పెళ్ళి పత్రికలు నా దగ్గరికే వస్తాయి. పత్రికలతో ఏ తలనొప్పీ లేదు. ముహూర్తం, మండపం, పెద్దల పేర్లు సరిచూసుకుంటే చాలు. నా తల ప్రాణం తోకకు తెచ్చింది ఒక నవల.

దాన్ని తెచ్చినాయన మునిరత్నంగారు. తిరుత్తణిలో బట్టల కొట్టు, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. కార్తీకంలో తన షష్టిపూర్తి, ఆ రోజే పుస్తకం బయటికి రావాలని పట్టు. ఆ పత్రిక కూడా నా దగ్గరే కొట్టించి, పెద్దల పేర్ల కింద "నవలావిష్కరణ" అని ఒక వరుస పెట్టించారు. అంటే పుస్తకం కొట్టడం పూర్తి కాకముందే బంధువులందరికీ మాటిచ్చేసినట్టే.

కొడుతూ పోతే కథంతా రాజమండ్రిలో నడుస్తోంది. వెన్నెల, పడవ, గట్టు మీద తెల్లచీర కట్టుకున్న అమ్మాయి. ఆ అమ్మాయి ఎప్పుడూ నిట్టూరుస్తూనే ఉంటుంది. అన్నా, మీరు రాజమండ్రి ఎప్పుడు పోయారని అడిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"నేనెందుకు పోతానమ్మా? తెలుగు నవలంటే గోదావరి ఉండాల గదా. మన తిరుత్తణిలో ఏముండాది రాసేదానికి?"

సరే, నాదేం పోయింది అనుకుని కొట్టిపెట్టి ప్రూఫ్ ఇచ్చాను. ప్రూఫ్ అంటే అచ్చుకు పోయే ముందు తప్పులు దిద్దుకోవడానికి తీసే కాగితాలు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి. చేతిరాతలో ఎవరి రాతైనా వాళ్ళకు ముద్దుగానే ఉంటుంది. అదే రాత అచ్చక్షరాల్లోకి వచ్చేసరికి పరాయివాళ్ళు రాసినట్టు కనిపిస్తుంది, లోపాలన్నీ ఎదురుగా వచ్చి నిలబడతాయి. మునిరత్నంగారు మొహం వేలాడేసుకుని వచ్చారు. ఏదో లేదు, అదేమిటో తెలియడం లేదు అన్నారు. తెలియకుండానే దిద్దడం మొదలుపెట్టారు. వెన్నెల తీసేసి వాన పెట్టించారు. వాన తీసేసి మళ్ళీ వెన్నెల పెట్టించారు. తెల్లచీర నీలం అయింది, నీలం మళ్ళీ తెలుపైంది. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళిళ్ళ కాలంలో పత్రికలు పక్కన పెట్టి, ఎవరూ కట్టని చీరకు రంగులు మారుస్తూ కూర్చున్నాను.

విసుగులో నేనూ ఎర్రపెన్ను పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మధ్యలో ఒక అధ్యాయం దగ్గర ఆగిపోయాను. రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు ముందు కావడులు పోతున్నాయి. గుండు మీద గంధం పూసుకున్న జనం, హరోహర కేకలు, మొక్కుకు కట్టుకునే పసుపు గుడ్డల కోసం తోపులాట. అచ్చంగా మురుగన్ స్వామికి మొక్కు కావడులెత్తే ఆడికృత్తిక పండగనాటి మన తిరుత్తణి. మనిషి ఒళ్ళు మరిచి రాసుకుపోయాడు. దాని చుట్టూ సున్నా చుట్టి, ఇదేమిటన్నా, తిరుత్తణి జనమంతా రైలెక్కి గోదావరికి పోయారా అని అడిగాను. కొంచెం నవ్వాను కూడా.

ఆయన నవ్వలేదు. ఆ పేజీ చాలాసేపు చూసి కాగితాలన్నీ నా బల్ల మీదికి తోసేశారు.

"అంతా అబద్ధమే రాసినానమ్మా. చూడని ఊరు, తెలీని మనుషులు. ఫైల్ తీసేసెయ్యి. పత్రికలో వేసుకున్నా గదా, ఊర్లో యాడ తలెత్తుకునేది?"

లేచి రైలుకు వెళ్ళిపోయారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్ని నెలలు నా వేళ్ళు అరగదీసి, ఇప్పుడు తీసేయమంటే సరిపోయిందా? ఆ కోపం మీదే ఫైల్ తీసేయలేదు. ఆయన షష్టిపూర్తి పత్రికలు అచ్చయి రాగానే ఆ కట్టలూ ప్రూఫూ పట్టుకుని, ఏదో ఒకటి తేల్చుకుందామని తిరుత్తణికి వెళ్ళాను.

ఆయన నడవలో కూర్చుని ఉన్నారు. భార్య సరోజమ్మ మంచినీళ్ళిచ్చి, ఈయప్ప ఏం రాసినాడో నాకు చదివి చెప్పు అంది. ఆమె బడిలో నేర్చుకుంది తమిళమే, తెలుగు మాటే తప్ప అక్షరం రాదు. సరేనని మొదటి అధ్యాయం చదివాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. గట్టు మీద అమ్మాయి రెండోసారి నిట్టూర్చేసరికి, పొయ్యి మీద పప్పు చూసొస్తానని లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. మునిరత్నంగారు నేల చూపులు చూస్తున్నారు. జాలేసింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. అన్నిటికంటే అధ్వానంగా ఉన్నదీ వినేయండి అన్నట్టు, నేను సున్నా చుట్టిన ఆ కావడి అధ్యాయం తీసి గట్టిగా చదివాను.

పండగనాడు కొట్లో పసుపు గుడ్డలు అయిపోతాయి. మొక్కున్నవాళ్ళు వట్టి చేతుల్తో వెనక్కి పోలేక గుమ్మంలోనే నిలబడిపోతారు. కొట్టాయన భార్య తెల్లతానులు చించి, పెరట్లో గంగాళంలో పసుపు కలిపి, ముంచి ఆరేసి ఇస్తుంది. చదువుతుండగా గరిటె పట్టుకునే సరోజమ్మ గడపలోకి వచ్చింది. కాసేపటికి కింద కూర్చుంది. నేను ఆపగానే భర్త వైపు తిరిగింది.

"తప్పు రాసినావు. గంజి ఉండే గుడ్డకు పసుపు పట్టదు. ముందు ఉడుకునీళ్ళలో వేసి గంజి తీసినా. నువ్వు యాడ చూసినావు, గల్లాకాడ కూచోనుంటివి."

ఆయన తలెత్తారు. సరోజమ్మ ఇంకా అయిపోలేదు.

"అది సరే, నన్నెందుకు గోదావరి గట్టున పెట్టినావు?"

 మునిరత్నంగారు నెమ్మదిగా, ఇంకా ఏమేం తప్పు రాసినా అని అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ళు మోసిచ్చిన పక్కింటామె గురించి, చేతులకు పట్టిన పసుపు వదలక పెళ్ళికి పోవడానికి సిగ్గుపడడం గురించి, ఆ రోజు భర్త తన మీద అరవడం గురించి కూడా. నేను వచ్చిన పని మరిచిపోయి విన్నాను.

తర్వాత ఆయన నా కొట్టుకు వచ్చి ఆ ఒక్క అధ్యాయం ఉంచి మిగతాదంతా తీసేయమన్నారు. వెన్నెల, పడవ, నేను అన్ని రంగులు మార్చిన చీర, అన్నీ పోయాయి. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది, నవల మీద ప్రేమతో కాదు, పోయిన నా చాకిరీ తలుచుకుని. పత్రికల్లో "నవలావిష్కరణ" అన్న వరుస మీద మురుగన్ బొమ్మ స్టిక్కర్లు అంటించాం. బంధువులు ఊరుకుంటారా, గోళ్ళతో గీకి చదివి మరీ షష్టిపూర్తికి వచ్చారు. భోజనాల దగ్గర ఒక బావమరిది, పుస్తకం యాడ బావా అని అందరూ వినేలా అడిగాడు. ఆయన ఇబ్బంది పడతారేమోనని నేను విస్తరి వదిలి చూశాను. ఇంకా రాస్తా ఉండా అని చెప్పి, ఆయన పాయసం వడ్డించమన్నారు.

ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. ఒకప్పుడు ఆయన ఒక్కరి దిద్దుబాట్లే ఉండేవి, ఇప్పుడు సరోజమ్మ అభ్యంతరాలు కూడా వస్తున్నాయి, నా గతి చెప్పక్కర్లేదు. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. రాసింది నచ్చక కుంగిపోయి వచ్చేవాళ్ళను ఇప్పుడు నేను ఓదార్చను, బాగుందని అబద్ధమూ ఆడను. ఒళ్ళు మరిచి రాసిన పేజీ ఏదో చూపించమంటాను. చాలాసార్లు వాళ్ళు తప్పని కొట్టేసిన పేజీయే అది.

పోయిన వారం కొత్త ప్రూఫ్ దిద్ది తెచ్చారు. పేజీ నిండా కొట్టివేతలే, మళ్ళీ నా ప్రాణం ఉసూరుమంది. మొదటి వాక్యం ఒక్కటే పెన్ను తగలకుండా ఉంది. "గంజి ఉన్న గుడ్డకు పసుపు పట్టదు."