రువైస్ దారిలో సోల్ పాట

అమెరికా దక్షిణాదిలో, చర్చి పాటల్లోంచి పుట్టిన సోల్ సంగీతం పాడే గాయకుడొకాయన తొలి ఆల్బమ్‌లంటే నాకు పిచ్చి. పాటలు ఆయనే రాసుకునేవాడు. 2005లో ఒక శుక్రవారం పొద్దున్న రువైస్ నుంచి అబుదాబికి షేరింగ్ కారులో వెళ్తూ, తోటివాళ్ళకు కాస్త అభిరుచి నేర్పుదామని వాటిలో ఒక సీడీ పఠాన్ డ్రైవరుకిచ్చాను.

పక్కసీటులో భీమవరం నర్సు ఒకావిడ, ఒళ్ళో బైబిలుతో కూర్చుంది. మూడో పాటకు కళ్ళు తుడుచుకుంది.

"ఏ సంఘం వాళ్ళ పాటండీ బ్రదర్? ఎంత భారంతో ప్రార్థన చేస్తన్నారో."

"ప్రార్థన కాదమ్మా. పక్కింటాయన భార్యను తనతో వచ్చెయ్యమని బతిమాలుతున్నాడు. ఇలాంటివి రాస్తున్నాడనే వాళ్ళ చర్చి ఆయన్ని వెలేసింది" అని నా పాండిత్యమంతా ప్రదర్శించాను.



"ఇక్కడి సెలవును బట్టి మనం ఆదివారం ఆరాధననే శుక్రవారానికి మార్చుకున్నామండీ. పాటలో నాలుగు మాటలు మార్చుకుంటే ఏమవుద్ది?" అని ఆవిడ పెన్ను తీసింది.

అబుదాబి చేరేలోగా తెలుగులో మూడు చరణాలు పూర్తయ్యాయి. పల్లవిలో ప్రాస కుదరక ఆవిడ ఆగిపోతే నేనే అందించాను.

అలా చర్చి వెలేసిన గాయకుడు ఆ మధ్యాహ్నమే, భీమవరం యాసలో, మళ్ళీ ప్రార్థన మందిరంలో అడుగుపెట్టాడు. బాణీ కోసమని నా సీడీ కూడా ఆయనతోనే వెళ్ళిపోయింది.