గుడ్ల పాతర

ఒక వంశం ఎన్ని రకాలుగా చితికిపోవచ్చునో మా తాతగారు దాదాపు అన్నీ చేసి చూపించారు. జూదం, వ్యాజ్యాలు, ఏనుగు పోషణ, అన్నీ ఆయన హయాంలోనే ముగిశాయి. కోడిగుడ్లతో కూడా చితికిపోవచ్చునని కనిపెట్టిన ఘనత మాత్రం నాది. వింటూ మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. నేను నిటారుగా కూర్చునే చెబుతాను. మా ఇంట్లో ఎవరూ వంగి కూర్చోరు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. యుద్ధం ముగిసింది. మా అవ్వా నేనూ బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక రొట్టెల బట్టీ వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. పాలెగాళ్ళ వంశమని చెప్పుకోవడానికి మిగిలినవి తుప్పు పట్టిన ఒక కత్తి, తాతగారి తలపాగాలు పెట్టుకునే మూడు పెద్ద పెట్టెలు, ఆయన కోటుకుండిన బంగారు గుండీలు. ఇంకా నా మెడ. అది పక్కలకు తిరిగేది గానీ కిందికి వంగేది కాదు.

యుద్ధం జరిగినన్నాళ్ళూ దండులోని సోల్జర్లు పొద్దున్నే గుడ్లు తినేవారు. వారి తిండికి సర్జాపుర నుంచి హొసూరు దాకా ఏ కోడికీ తీరిక ఉండేది కాదు. వాళ్ళు ఓడలెక్కగానే గుడ్డు ధర మెట్ల మీంచి జారిన చెంబులా దొర్లుకుంటూ పడింది. మా వీధికి అది పండగే. జ్వరమొస్తే తప్ప గుడ్డు మొహం చూడని ఇళ్ళలో పూటపూటా గుడ్డు పులుసు.

"ఇన్నాళ్ళకు మన నోటికీ అందినాయి, తినప్పా," అని అవ్వ నాకు రెండేసి వేసేది.

ఆ సంతోషం మునెమ్మ వచ్చేదాకా సాగింది. ఆమె సర్జాపుర పక్క పల్లె నుంచి మా వీధికి గుడ్లు తెచ్చే మనిషి. ఒకనాడు గంప దించి, గడప బయట కూలబడింది.

"ఇదే కడాపటి గంప దొరా. రేపు సంతలో కోళ్ళను కోతకిచ్చేస్తాను."

"ఎందుకు?"

"గుడ్లమ్మితే వచ్చేది వాటి గింజలకే చాలదు. పదైదు పెట్టలు, బిడ్డల మాదిరి సాకితి. ఏం చేసేది? ధర పడితే మీకు పులుసు, వాటికి కత్తి."

అప్పుడు నా నోట్లో సగం గుడ్డు ఉంది. అది లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. ఎలాగో మింగి, గొంతు సవరించుకున్నాను.

"మునెమ్మా, మా వంశంలో ఎవరూ ఆపదలో ఉన్నవారిని వదలరు. కోళ్ళను అమ్మవద్దు. నీ గుడ్లన్నీ యుద్ధంనాటి ధరకే నేను కొంటాను."

ఆమె నా చొక్కా చిరుగు వైపు చూసింది. "కొని ఏం చేస్తావు సామీ?"

"దాస్తాను. ధర లేచినప్పుడు అమ్ముతాను."

మా పూర్వులు రాగులను నేలలో పాతర వేసి, కరువు వచ్చినప్పుడు తీసేవారు. పదేళ్ళయినా రాగికి పురుగు పట్టదు. గుడ్డు రాగి గింజ కంటే ఎంతో పెద్దది, పైగా దానికి గట్టి పెంకు ఉంది. కాబట్టి ఇంకా ఎక్కువ కాలం నిలవాలి. నేను బి.ఏ. తప్పినవాణ్ణి, తర్కం నాకు వచ్చు.

"యాడ పెడతావో చూపించు, నేనే సర్దిపోతాను," అంది మునెమ్మ.

"అక్కర్లేదు." నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. లోపల చాపలే తప్ప కుర్చీ లేదని ఆమెకు తెలియకూడదు.

"అయితే పూటకొకసారి తిరగెయ్యి సామీ. లేకుంటే సొన పెంకుకు అంటుకుంటాది."

వారానికో గంప అనుకున్నాను. నా మాట పల్లెలో పాకి, మిగతా ఆడవాళ్ళు కూడా కోళ్ళను అమ్మడం మానేశారు. వాళ్ళ గుడ్లూ మునెమ్మతోనే వచ్చాయి. తాతగారి పెట్టెల్లో పొట్టు పోసి, గుడ్లు పేర్చి, అటక మీద వెనక గోడకు ఆనించాను. ఆ గోడకు అవతలే రొట్టెల బట్టీ. అటక వెచ్చగా ఉందని తడి గోనెలు కప్పాను. పూటపూటా సంధ్యవార్చినంత నిష్ఠగా నిచ్చెనెక్కి ప్రతి గుడ్డునూ తిరగేశాను. కోటు గుండీలు ఒక్కొక్కటే కంసాలి కొట్టుకు నడిచాయి.

"ఎప్పుడమ్ముతావప్పా?" అనేది అవ్వ.

"ధర లేవాలి."

"సోల్జర్లు మళ్ళా రావాల్నంటే ఇంకో యుద్ధం కావాల. దానికీ నువ్వే ఏదన్నా చేస్తావా?"

మూడు వారాలు దాటాక ఒక పొద్దున అవ్వ నన్ను తట్టి లేపింది. "అటక మీద ఎవరో ఉండారు."

కత్తి తీసుకుని నిచ్చెనెక్కాను. మొదటి పెట్టె మీది గోనె కదులుతోంది. కత్తి కొనతో పైకెత్తాను.

ఒక గుడ్డు ఊగుతోంది. దాని పెంకు మీద వెంట్రుకంత పగులు. ఆ పగులు లోంచి నువ్వుగింజంత ముక్కు ఒకసారి పొడిచింది, అలిసిపోయి ఆగింది, మళ్ళీ పొడిచింది. లోపల ఉన్నదానికి ధరల సంగతి తెలియదు, మా వంశం సంగతీ తెలియదు. పెంకు రెండుగా విడిపోయింది. తడి తడిగా ఒక ప్రాణం బయటపడి, నన్ను చూసి కియ్‌మంది. దాని పక్కది ఊగింది. ఆ పక్కది కూడా. కత్తి ఎప్పుడు కింద పెట్టానో తెలియదు. నా మెడ ఎప్పుడు వంగిందో అసలే తెలియదు.

ఆ రోజు మునెమ్మ రాగానే, చాపల సంగతి మరిచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. ఆమె అటకెక్కి, గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"తడి గోనెలు కప్పితివా?"

"కప్పాను."

"తిరగేసితివా?"

"నువ్వు చెప్పినట్టే, పూటకొకసారి."

ఆమె నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయింది. ఒక కోడిపిల్లను అరచేతిలోకి ఎత్తుకుంది.

"కోడి కూడా ఇంత శ్రద్ధగా పొదగదు సామీ. ఈ గోడను ఆ పొద్దే చూసుంటే చెప్పుందును." తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. "గుడ్లు ఎక్కువై ధర పడిందని నేను ఏడిస్తే, నువ్వు సుమ్నే, ఊరికే ఉండకుండా ఇంకిన్ని కోళ్ళను పుట్టిస్తివే. ఆర్నెల్లు పోతే ఇవీ గుడ్లు పెడతాయి. అవెవరు కొనేది దొరా?"

నేను కోటు వైపు చూశాను. గుండీ ఒక్కటీ లేదు.

"పోనీలే," అని ఆమె పిల్లలను గంపలోకి ఎత్తుకుంది. "సగం పుంజులే అవుతాయి, జాతరలకు పుంజుకు గిరాకీ ఉండాది. నా పెట్టలు పదైదూ బతికినాయి. ఈ ఊర్లో ఇంకెవరు అడ్డుపడిరి?"

ఆ సాయంత్రం తాతగారి కత్తి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక మీదట ఏ వస్తువు ధర పడుతున్నా దానికి అడ్డంగా నిలబడను. నాకంటే ఎక్కువ తెలిసినవారిని గడప బయట నిలబెట్టను. ప్రాణమున్న దేన్నీ పాతర వెయ్యను.

ఆ ప్రమాణానికి నేటివరకూ కట్టుబడి ఉన్నాను. అటక మీద అప్పటికే ఊగడం మొదలుపెట్టిన రెండో పెట్టెకు మాత్రం అది వర్తించలేదు.