బెల్లం డబ్బా మీది అమ్మాయి

బీ-యున్ డిజైన్ షాపుకి ముప్పయ్యేళ్లు నిండినప్పుడు తైవాన్‌లోని మా ఊరు తైనాన్ పేపర్లో పెద్ద వ్యాసం వేశారు. తండ్రి సైన్‌బోర్డులు రాసేవాడనీ, భర్తతో విడిపోయాక మూతపడిన మంగలిషాపు పైగది అద్దెకు తీసుకుందనీ రాశారు. అన్నీ నిజమే. వాళ్లకు తెలియనిది ఒకటుంది. నాకు తెలుసు, ఎందుకంటే ఆమె గీసిన ప్రతి డబ్బానూ అచ్చువేసింది నేనే.

ఆమెకు మొదట దొరికిన పని, నీళ్లలో కరిగించి తాగే బూడిదగుమ్మడి బెల్లం డబ్బా. దాని మీద కప్పు పట్టుకున్న అమ్మాయి బొమ్మ వేసింది. ఎవరినీ చూసి వేయలేదు. ఏటా కొత్త సంవత్సరానికి బెల్లం వ్యాపారి సీ గారు బట్టలు మార్చమనేవాడు, అంచు మార్చమనేవాడు. ముఖం మాత్రం కిందటేటి బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి ఎత్తుకునేది. ఆ అమ్మాయి చిటికెనవేలు వంకర. సీ గారు సణిగితే బీ-యున్ దిద్దేది. అచ్చుకొచ్చేసరికి మళ్లీ వంకరే. తప్పు నీదంటే నీదని ఇద్దరం వాదులాడుకునేవాళ్లం.

వేడుకకని డబ్బాలన్నీ గోడకు వరసగా అమర్చాం. వెనక్కి జరిగి చూశాను. ఒక డబ్బాకీ పక్కదానికీ తేడా లేదు. మొదటి దానికీ చివరి దానికీ మధ్య మాత్రం ఒక జీవితం గడిచిపోయింది. చివరి డబ్బా మీద ఉన్నది కళ్ల కింద నీడలతో, చెవుల దగ్గర నెరిసిన జుట్టుతో నడివయసు మనిషి.

ఎత్తి రాసేటప్పుడు ఏటా వెంట్రుకవాసి తేడా వచ్చి ఉంటుందని నేను సర్దిచెప్పాను.

వచ్చిన వాళ్లు టీ తాగి, ఫోటోలు తీసుకుని వెళ్లారు. అరవై ఏళ్ల ఒకావిడ మాత్రం ఆ గోడ ముందు నుంచి కదల్లేదు. పేరు యూ-లువాన్, చేపల మార్కెట్లో కొట్టు. చివరికి బీ-యున్‌ను పిలిచింది.

"మా షు-చిన్ నీకెలా తెలుసమ్మా?"

"ఎవరండీ?"

"మా చెల్లెలు. నువ్వీ షాపు పెట్టడానికి ముందటేడు వరదలో పోయింది. ఆ వేలు చిన్నప్పుడు తలుపు సందులో పడింది."

ఆ వరదలోనే ఇంట్లో ఫోటోలన్నీ పోయాయట. చెల్లెలి ముఖం తనకే మసకబారిపోయిందట. "బతికుంటే ఇప్పుడిలాగే ఉండేది," అని చివరి డబ్బా మీద చెయ్యి పెట్టింది.

బీ-యున్ భయపడింది. ఇక ఆ ముఖం జోలికి పోనని ఆమెకు మాటిచ్చింది.

"ఆపకు. దాన్ని ముసలిది కానివ్వు," అంది యూ-లువాన్.

మరుసటేడు జుట్టు ఇంకా నెరిసింది. ముసలమ్మ ఉన్న డబ్బా కొనేదెవరని సీ గారు పని వేరేవాళ్లకిచ్చాడు. అయినా బీ-యున్ ఏటా ఒక్క బొమ్మ గీసేది, నేను ఒక్క కాపీ తీసేవాణ్ని. కొత్త సంవత్సరం రోజున యూ-లువాన్ పాలచేప పట్టుకొచ్చి ఇచ్చి, ఆ కాపీ తీసుకునేది. మధ్యాహ్నందాకా కూచుని ఆ ముడతలు ఎవరి పోలికో చెప్పేది. వాళ్లమ్మదట.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఒక చలికాలం ఉదయం బీ-యున్ నన్ను పైకి రమ్మని కబురుపెట్టింది. బల్ల మీద కాగితం అరిగి నూగుతేలి ఉంది. అందులో ముఖానికి కళ్లు మూసి ఉన్నాయి.

"చెరిపి, తెరిచినట్టు గీశాను, అన్నా. మళ్లీ ఇలాగే వస్తున్నాయి," అంది.

ఇద్దరం ఆ కాగితం తీసుకుని మార్కెట్‌కి వెళ్లాం. యూ-లువాన్ చేతులు తుడుచుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పోయినప్పుడు ముఖం చూడనివ్వలేదమ్మా నన్ను," అంది. "ఇక చాల్లే. అది పడుకుంది, నువ్వూ పడుకో."

ఆ మధ్యాహ్నం కాగితాన్ని తన తమ్ముడి ఇంట్లో పూర్వీకుల పేర్లు చెక్కిన పలకల దగ్గర పెట్టి, అగరొత్తులు వెలిగించి కాల్చేసింది. బీ-యున్ పక్కనే నిలబడింది. మంట ముఖందాకా వచ్చినప్పుడు తన చేతిలో ఏదో వదులైనట్టయిందని తర్వాత నాతో చెప్పింది.

షాపు ఇప్పటికీ ఉంది. నూడిల్స్ కొట్లకీ, పళ్లబుట్టల లేబుళ్లకీ బీ-యున్ పని చేస్తుంది. పూలు, పక్షులు, చేపలు ఏవడిగినా గీస్తుంది. మనిషి ముఖం కావాలంటే పక్కవీధిలో ఇంకో షాపు చూపిస్తుంది.