గట్టు అవతలి పత్తి

2011లో తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగిన రోజుల్లో నేను మానుకోటలో ఉద్యాన అధికారిని. మానుకోట అంటే మహబూబాబాదే. కాగితాల్లో ఒక పేరు, జనం నోట్లో ఇంకో పేరు. ఆఫీసుకు తాళం వేసి మేమంతా దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్లం.

ఒకరోజు శిబిరానికి సత్తన్న వచ్చాడు. పట్టణంలో కొత్తగా సూపర్‌మార్కెట్ పెట్టిన వ్యాపారి. మరిపెడ దగ్గరి ఒక తండాలో ద్వాలి అనే రైతు, తోటి ఆడవాళ్లతో కలిసి పురుగుమందు లేకుండా పండించే వంకాయలు సత్తన్న తన దుకాణంలో అమ్మేవాడు. విదేశీ ఆపిల్ పండ్ల మీద చిన్న స్టిక్కర్లుంటాయి. స్టిక్కర్ మీద నాలుగంకెలుంటే మామూలు సాగు, వాటి ముందు తొమ్మిది చేరి ఐదంకెలైతే సేంద్రియ సాగు. సత్తన్నకు ఆ తొమ్మిది బాగా నచ్చి, తన వంకాయ ప్యాకెట్లకూ తగిలించాడు. స్టిక్కర్ చెప్పేది అంటించినవాడి మాటే తప్ప చేను మాట కాదు.

“ఒక పంతులమ్మ మందు వాసనొస్తుందని ప్యాకెట్ వాపస్ ఇచ్చింది సార్. ద్వాలేమో ఒట్టు పెడ్తుంది. జర మీరే చూసి చెప్పుర్రి. అబద్ధమైతే ఆ తండా సరుకు బంద్,” అన్నాడు.

మందు అవశేషాలు తేల్చే ల్యాబ్ హైదరాబాదులో ఉంది. అదీ సమ్మెలోనే ఉంది. మిగిలింది చేలో తనిఖీ ఒక్కటే. సమ్మెలో ఉన్నాను కనుక ఏ కాగితం మీదా సంతకం పెట్టనని, చూసి మాత్రం చెబుతానని ఒప్పుకున్నాను. శిబిరం నడిపే పెద్దమనిషి నవ్వి, “సమ్మె మనకు గాని వంకాయలకు గాదు. పోయి రా అన్న,” అన్నాడు.

తండాకు వెళ్లగానే ద్వాలి పుచ్చు వంకాయ ఒకటి చేతిలో పెట్టింది. మందు కొడితే పురుగెట్లుంటుందని ఆమె వాదన. చాలామంది ఇక్కడే పొరబడతారు. బొక్క చూస్తే పురుగు వచ్చిందని తెలుస్తుంది, మందు పడలేదని తెలియదు. మందుకు అలవాటుపడ్డ పురుగులు కూడా ఉంటాయి.

అందుకని కాయ వదిలేసి మొక్కల మధ్య నడిచాను. చేను నడుమ ఆకుల కింద, పంట పురుగుల్ని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు నిక్షేపంగా తిరుగుతున్నాయి. పురుగుమందు కొట్టిన చోట ముందు చచ్చేవి అవే. పడమటి గట్టు పక్క సాళ్లలో మాత్రం ఒక్కటీ లేదు. ఆకుల మీద తెల్లటి చుక్కలు ఎండిపోయి ఉన్నాయి. గట్టు అవతల ద్వాలి మరిది లచ్చు పత్తి చేను. అతన్ని పిలిచి అడిగితే దాచలేదు. “పత్తికి దోమ వట్టింది సార్. మొన్న పవర్ స్ప్రేయర్‌తోటి కొట్టిన. గాలి గిటు మళ్లింది,” అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు పక్కింట్లో ఉంది.

ద్వాలి ముఖం మాడిపోయింది. “అంటే మేం మోసం జేసినట్టేనా సార్?” అంది.

చేయలేదన్నాను. కానీ స్టిక్కర్ అబద్ధమేనని కూడా చెప్పాను. ఆ రెండో మాట చెప్పడం నాకు కష్టంగానే ఉండింది. నడిమి సాళ్లు బాగానే ఉన్నాయి కదా, వాటికైనా ఉంచమని ఆమె బతిమాలింది. గాలి ఎంతదాకా మోసిందో కంటితో కొలవలేం కనుక నేను ఒప్పుకోలేదు.

ఆ పంటకు సత్తన్న తొమ్మిది తీసేశాడు. తండా సరుకు మానలేదు గానీ మామూలు ధరకే తీసుకున్నాడు. మరుసటి ఏడు నా సలహా మీద ద్వాలి గట్టు పొడుగునా అడ్డంగా జొన్న ఒత్తుగా చల్లింది. గాలి తనవైపు లేనప్పుడే మందు కొట్టాలని మరిదిని ఒప్పించింది. ఈసారి సాలీళ్లు గట్టుదాకా వచ్చాయి. సత్తన్న తొమ్మిదిని మళ్లీ అంటించాడు.

రిటైరయ్యేదాకా ఎక్కడ తనిఖీకి వెళ్లినా, పంట ఎలా పండిందని నేను మొదట అడిగింది పండించినవాళ్లను కాదు, గట్టు అవతలివాళ్లను.