చాండ్లర్‌లో నాకు కలిగిన భారం

కొలవగలిగినదే నిజమని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను సరిగ్గా ఆ వయసులో, అరిజోనా ఎడారి అంచున, చాండ్లర్‌లో ఉన్నాను. మాస్టర్స్ చదువుతూ, ప్రయోగశాలలో సిలికాన్ పలకల మీద కంటికి ఆనని పొరలను పెంచి, వాటి మందాన్ని కొలవడం నా పని. ఆ విద్యలో ఎదుగుదల అంటే గ్రాఫు మీద కనిపించే గీత. ఆదివారం మా తెలుగు సంఘంలో మాత్రం అదే మాటను కళ్లు మూసుకుని పలికేవారు: "ఆత్మీయంగా ఎదగాలి బ్రదర్, దినదినం ఎదగాలి." నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణే, సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణే. అయినా ఆ మాట విన్నప్పుడల్లా, దేనితో పోల్చి ఎదగాలి, ఏ పరికరంతో చూడాలి అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. (ఒకసారి ఆగలేదు. "ముందు మీరు కూర్చోండి బ్రదర్" అన్నారు.)

ఈ పరిశీలనా దృష్టి నాకు జ్ఞానం ఎంత తెచ్చిపెట్టిందో చెప్పలేను గాని, ఒక స్నేహితుణ్ణి దాదాపు పోగొట్టింది. మా రూమ్మేట్‌ది కరీంనగర్. నేను ఈ దేశంలో దిగిన రోజున ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి, నా పెట్టెలు మోసి, ఇంటికి తెచ్చి పప్పన్నం పెట్టినవాడు. వరుసగా ఇంటర్వ్యూలు పోతున్నాయని వాడు దిగులుపడుతుంటే, ఒకనాడు వీడియో కాల్‌లో వాళ్లమ్మగారు ఉప్పుతో దిష్టి తీసుకొమ్మన్నారు. పక్కనే ఉన్న నేను ఊరుకోవచ్చు కదా! ఉప్పుకూ ఉద్యోగానికీ కార్యకారణ సంబంధం లేదని ఆవిడకు ఓపికగా, ఉదాహరణలతో సహా వివరించాను. ఆవిడ ముఖం తెర మీద చిన్నబోయింది. కాల్ పెట్టేశాక వాడు ఒక్కటే అన్నాడు: "నీకు రుజువులు గావాలె. మా అమ్మకు నేను గావాలె. గంతే ఫరక్. లీజ్ అయిపోంగనే నేను వేరే రూమ్ జూస్కుంట." ఆ తర్వాత మా ఇంట్లో మాటలు నిలిచిపోయాయి. క్షమాపణ చెప్పాలని ఉండేది. కాని నేను చెప్పినదాంట్లో తప్పెక్కడుందో తేలక ఆగిపోయేవాణ్ణి.

అలాంటి దినాల్లో ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక, అందరం నెల్లూరు ఆంటీ ఇంట్లో భోజనాలకు చేరాం. ఆవిడ బిర్యానీ వండితే వద్దనగలిగే విశ్వాసి మా సంఘంలో లేడు. భోజనాలయ్యాక ప్రార్థన కూడిక. నడిపేది శోధన అంకుల్. (వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆదివారం శోధనల మీద ప్రసంగం, అందుకని కుర్రాళ్లం పెట్టుకున్న పేరు.) కిటికీ అవతల ఎండ తెల్లగా, కదలకుండా నిలబడి ఉంది. ఏసీ జోలపాటలా మోగుతోంది. పాటలు ఎక్కడో నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టున్నాయి. నేను నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో తేలుతున్నాను. ఆంటీ వంగి మెల్లగా అడిగింది: "ఏంది నాయనా, అట్ట కూర్చోనుండావు?"

"కొంచెం భారంగా ఉంది ఆంటీ" అన్నాను, పొట్ట మీద చేయి వేసుకుని.

చర్చి తెలుగులో భారం అన్న మాటకు వేరే అర్థం ఉందని చిన్నప్పటినుంచీ తెలిసినవాణ్ణే. ఎవరి కోసమో, దేని కోసమో ప్రార్థించమని దేవుడు మనసు మీద పెట్టే బరువది. బిర్యానీ మత్తులో ఆ అర్థం తట్టలేదు. శోధన అంకుల్‌కు మరో అర్థం తట్టలేదు.

"స్తోత్రం! ప్రభువు మన బ్రదర్‌కి భారం ఇచ్చారు! ఎవరి గురించి బ్రదర్?"

గదినిండా మూసిన కళ్లు తెరుచుకుని నావైపు తిరిగాయి. బిర్యానీ గురించి అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "మా... రూమ్మేట్ గురించి" అన్నాను. ఎందుకు వాడే నోట్లోకి వచ్చాడో ఆనాడు ఆలోచించలేదు.

ఫలితంగా మరునాటినుంచి ఉదయకాల ప్రార్థన లైన్‌లో (తెల్లవారకముందే అందరూ ఫోన్‌లో కలిసి ప్రార్థించే ఏర్పాటది) మా రూమ్మేట్ కోసం ప్రార్థించే బాధ్యత నా మీద పడింది. వాడు నిద్రలేస్తాడని బాల్కనీలోకి వెళ్లేవాణ్ణి. ఆ వేళ ఎడారి ఎంత మెత్తగా ఉండేదో! కొండలు ఇంకా కొండలు కాకుండా నీలి నీడలుగా ఉండేవి; కాంపౌండ్‌లోని నారింజ చెట్ల పూల వాసన చల్లగాలిలో పలచగా కరిగేది; గువ్వలు ఎక్కడో కూసేవి. ఆ సౌందర్యమంతటి నడుమ నేను ఇలా ప్రార్థించేవాణ్ణి: "ప్రభువా, నాకు తెలిసినంతవరకు అతడు మంచివాడే. నా పరిశీలన పరిమితమైనది గనుక రూఢిగా చెప్పలేను గాని, బహుశా దిగులుగా ఉన్నాడు."

ఫోన్‌లోంచి ఆంటీ అందుకునేది. "నాయనా, ఆయనకి తెలీందేముండాది? నువ్వు బహుశాలు తీసేసి అడుగు."

తీసేయాలంటే వివరాలు కావాలి. ధ్రువపరచుకోనిది దేవుడికి కూడా చెప్పకూడదని నా నియమం. అందుకని మా రూమ్మేట్‌ను గమనించడం మొదలుపెట్టాను. వాడు ఇంటర్వ్యూకి ముందు షర్ట్ ఇస్త్రీ చేసుకుంటూ జవాబులు గొణుక్కుంటాడు. ఏమీ తినకుండానే వాళ్లమ్మతో "తిన్ననే అమ్మా, మంచిగ తిన్న" అంటాడు. కాల్ అయ్యాక ఫోన్‌ను కాసేపు అలాగే చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. ఇవన్నీ ఉదయాన్నే నివేదించేవాణ్ణి. ఒకే ఇంట్లో అంతకాలం ఉండి వాడిని నేను చూడనే లేదని ఆ ఉదయాల్లోనే తెలిసివచ్చింది. ప్రయోగశాలలో పొర మందమయ్యేకొద్దీ పెరుగుదల మందగిస్తుంది. పొర పెరగడానికి కావలసిన ఆక్సిజన్, కింది పలకను చేరాలంటే అప్పటికే పెరిగిన పొరనంతా దాటుకుని పోవాలి మరి. ఇన్నేళ్ల సండే స్కూలు పొర దాటి నా అడుగుదాకా ఏదైనా చేరుతోందా అని అప్పుడప్పుడు అనుమానించేవాణ్ణి.

ఒక ఉదయం ఫోన్ స్పీకర్‌లో ఉండగా ఆంటీ గొంతెత్తి ప్రార్థిస్తోంది: "ఈ శుక్రవారం ఆ అబ్బాయి ఇంటర్వ్యూలో తోడుండు తండ్రీ..." వెనక బాల్కనీ తలుపు జరిగింది. మా రూమ్మేట్ చెదిరిన జుట్టుతో నిలబడి ఉన్నాడు.

"గా ఆంటీ ఎవలు? నా ఇంటర్వ్యూ సంగతి ఆమెకెట్ల ఎర్క? ఏంరా, అందరు గలిసి నన్ను చర్చిల కలుపుకుందామని జూస్తున్నరా?"

వాడి గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువగా వినిపించింది. ఇక అబద్ధానికి చోటులేదు. ఆదివారం కూడిక, పొట్ట మీద చేయి, శోధన అంకుల్ స్తోత్రం, అంతా చెప్పేశాను.

"అంటే నీకు అరగకపోతే నాకు ప్రార్థనలా?"

"మొదట అంతే."

"నాతోని మాట్లాడవ్ గని, నా గురించి దేవునితోని రోజు మాట్లాడుతున్నవ్."

"నీతో మాట్లాడటానికి భయం వేసింది" అన్నాను. "మీ అమ్మగారిని నొప్పించాను. నేను చెప్పింది కరెక్టే గాని, చెప్పి ఉండకూడదు."

"ఇగో, సారీల గూడ కరెక్టే అంటడు జూడు!" అన్నాడు. అంటూనే నవ్వేశాడు.

అప్పుడు బాల్కనీ రెయిలింగ్ మీది ఫోన్ మాట్లాడింది. లైన్ తెగలేదు, సంఘమంతా వింటోంది. "నాయనా, ఆ రోజు నెయ్యి ఎక్కువైంది, తిన్న ప్రతివాళ్లకీ భారంగానే ఉండాది. నాకు తెలీదా? ఏదో ఒక దారిన మొదలైంది గదా అని ఊరుకున్నా. సరే గాని, ఆ అబ్బాయిని ఫోన్ దగ్గరికి రమ్మను. తినకుండా ఇంటర్వ్యూకి పోతారా ఎవురన్నా? శుక్రవారం పొంగలి పంపిస్తా."

మా రూమ్మేట్ బిత్తరపోయి, "సరే ఆంటీ" అన్నాడు.

శుక్రవారం పొంగలి వచ్చింది. ఉద్యోగం రాలేదు. "దేవుడు ఇంకా మంచిది దాచిపెట్టుండాడు" అంది ఆంటీ. ఏ ఫలితం వచ్చినా తప్పని తేల్చలేని వాదన అది అనబోయి, జీవితంలో మొదటిసారి ఇష్టపూర్వకంగా ఊరుకున్నాను. లీజ్ ముగిసే వారం వాడు తలుపు దగ్గర నిలబడి అన్నాడు: "ఇంకో ఏడాది రెన్యూ చేద్దాం. గని మా అమ్మతోని ఉప్పు ముచ్చట ఎత్తకు." ఎత్తలేదు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో ఆవిడ, "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగితే, ఉన్నానని మాత్రమే చెప్పాను.

ఆ కాలంలో నేను ఎదిగానా అని ఎవరైనా అడిగితే, నా దగ్గర ఇప్పటికీ రుజువు లేదు. పోల్చి చూడటానికి, ప్రార్థించని మరో నేను లేడు కదా. ఒక్కటి మాత్రం గుర్తుంది. ఇంటర్వ్యూ శుక్రవారం ఉదయం, కొండల వెనక వెలుగు ఇంకా గులాబీగా ఉండగా, వాడు లోపల ఇస్త్రీ చేసుకుంటుంటే, నేను బాల్కనీలో వాడి కోసం అడిగాను. ఏమడిగానో గుర్తులేదు. ఆ మాటల్లో బహుశాలు ఉన్నాయో లేదో చూసుకోలేదు. మనస్ఫూర్తిగా అడుగుతున్నానా అని నన్ను నేను పరీక్షించుకోలేదు. పరీక్షించుకోలేదన్న సంగతి కూడా చాలా ఏళ్ల తర్వాత, మరో ఊళ్లో, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు తట్టింది. పాపం, ఆనాటి నాలోని కుర్రవాడు తన జీవితంలో తీసుకోవలసిన ఒకే ఒక్క కొలతను ఆ ఉదయం తీసుకోవడం మరిచిపోయాడు. నవ్వుకుంటూ ఉండిపోయాను, వెనక కార్లవాళ్లు హారన్ కొట్టేదాకా.